"సహకరించలేదు" అని రాసిచ్చిన రిపోర్టుపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నెల గుండె పరీక్షల ప్యాకేజీ కోసం మా తమ్ముడిని మీ సెంటరుకు తీసుకొచ్చాను. తనకు 39 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. ఆ సంగతి బుకింగ్ ఫారంలో రాశాను, ముందురోజు ఫోన్ చేసి మళ్లీ చెప్పాను. "ఏం పర్లేదు, తీసుకురండి" అన్నారు. తీరా రిపోర్టులో బీపీకీ, ఈసీజీకీ ఎదురుగా ఒకటే మాట: "పేషెంటు సహకరించలేదు".

అది నిజం కాదు. రక్తం తీసేటప్పుడు తనంతట తనే చెయ్యి చాపాడు, అది అలవాటే. బీపీ పట్టీ మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా చుట్టేసి మిషన్ ఆన్ చేశారు. చెయ్యి బిగుసుకునేసరికి భయపడి లాక్కున్నాడు. మీ టెక్నీషియన్ భుజాలు అదిమి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఈసీజీకి పడుకోమంటే ఎలా పడుకుంటాడండీ? పైగా, "ఇలాంటివాళ్లకి టెన్షన్లేం ఉంటాయమ్మా, గుండెకేం కాదు" అని నాకు ధైర్యం చెప్పారు.

ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మేధో వైకల్యానికి ఒక కారణమైన డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. మా తమ్ముడికి ఆ సిండ్రోమ్ లేదు, కానీ 11 ఏళ్లుగా రిస్పెరిడోన్ అనే మానసిక వైద్యంలో ఇచ్చే మందు వాడుతున్నాడు. ఆ మందుతో బరువు, షుగర్, కొలెస్ట్రాల్ పెరగొచ్చు. గుండె లయ మీదా ప్రభావం పడొచ్చు, అది ఈసీజీలోనే తెలుస్తుంది. డాక్టర్ ఈసీజీ అడిగింది అందుకే.

తను "నొప్పి" అని చెప్పడు. బాగోలేకపోతే చొక్కా పైగుండీ పట్టుకుని తిప్పుతూ ఉంటాడు. ఈమధ్య నాలుగో మెట్టు మీదే కూర్చుండిపోతున్నాడు. చూసినవాళ్లు మొండితనం అంటారు. ఇలా ప్రతిదాన్నీ వైకల్యం ఖాతాలో వేసేయడం వల్లే జబ్బులు ఆలస్యంగా బయటపడతాయి.

వారం తర్వాత వేరే క్లినిక్‌కి వెళ్లాం. అక్కడి నర్సు పట్టీని ముందు నా చేతికి కట్టి, గాలి నింపి చూపించింది. తర్వాత దాన్ని మా తమ్ముడి చేతికిచ్చి తడిమి చూడమంది. మా తమ్ముడు చొక్కా చెయ్యి తనే పైకి మడిచాడు. మూడుసార్లు చూశారు, మూడుసార్లూ బీపీ ఎక్కువే. ఈసీజీ కూడా తీశారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. ఆ బీపీ మీ సెంటర్లోనే తెలియాల్సింది.

ఆ రిపోర్టులో "సహకరించలేదు" తీసేసి, "పరీక్ష చేయలేదు" అని సరిచేసి పంపండి. చేయని పరీక్షల డబ్బు వాపసు ఇవ్వండి. వైకల్యం ఉందని ఫారంలో రాసినవాళ్లకి రద్దీ లేని వేళలో, రెట్టింపు సమయం ఇవ్వండి. పరికరం ముందు చూపించాలనీ, భయపడితే ఆగాలనీ, ఆ రోజు కుదరకపోతే ఇంకోరోజు రమ్మనాలనీ మీ సిబ్బందికి నేర్పండి. భుజాలు అదిమి పట్టుకోవడం మాత్రం ఇకపై ఎవరి విషయంలోనూ జరగకూడదు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. క్లినిక్ వాళ్లిచ్చిన రిపోర్టు కాపీ దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
పేషెంటు అక్క