లైఫ్‌లైన్ ఫోన్ రాయితీకి లెక్క మనిషిది కాదు, ఇంటిది

సంపాదకులకు,

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు ఫోన్, ఇంటర్నెట్ బిల్లులో దొరికే ‘లైఫ్‌లైన్’ రాయితీ గురించి అక్కడి మన కుటుంబాల్లో రెండు మాటలు వినిపిస్తుంటాయి. ‘అమ్మానాన్నలకు సంపాదన లేదు కాబట్టి వాళ్లకు తప్పకుండా వస్తుంది’ అన్నది ఒకటి. ‘ఉద్యోగం చేస్తే ఇక రాదు’ అన్నది రెండోది. రెండూ సరికావు. మొదటిది నమ్మి తప్పు దరఖాస్తు పెడుతున్నారు, రెండోది నమ్మి హక్కున్న వాళ్లు అసలు అడగడమే లేదు. మీ పత్రికను అక్కడి తెలుగువాళ్లూ, ఇక్కడి వాళ్ల తల్లిదండ్రులూ చదువుతారు కనుక ఈ వివరాలు రాస్తున్నాం.

ఈ పథకం 1985లో మొదలైంది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) తరఫున యూసాక్ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. 2016 సంస్కరణలతో ఇంటర్నెట్‌కు కూడా వర్తింపజేశారు. డేటా ఉన్న ప్లాన్‌కు నెలకు 9.25 డాలర్ల వరకు, మాటలకు మాత్రమే అయితే 5.25 డాలర్ల వరకు తగ్గుతుంది. గిరిజన భూముల్లో ఉండేవారికి 34.25 డాలర్ల దాకా వస్తుంది. డబ్బు మన చేతికి రాదు, కంపెనీకి వెళ్తుంది. చాలా మొబైల్ కంపెనీలు అంతే విలువకు ఒక ప్లాన్ పెట్టి నెలవారీ రుసుము లేకుండా ఇస్తాయి. హ్యాండ్‌సెట్‌కు మాత్రం ఈ పథకం డబ్బు ఇవ్వదు.

అర్హతకు దారులు రెండు. ఒకటి ఆదాయం: ఇంటి మొత్తం ఆదాయం ఫెడరల్ దారిద్ర్య మార్గదర్శకాల్లో 135 శాతం మించకూడదు. 2025 లెక్క ప్రకారం అలాస్కా, హవాయి కాక మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి సుమారు 21,128 డాలర్లు, ఇద్దరికి 28,553, ముగ్గురికి 35,978, నలుగురికి 43,403. ఆపైన ఒక్కో మనిషికి 7,425 కలుపుకోవాలి. ఈ అంకెలు ఏటా జనవరిలో మారతాయి, కాబట్టి పాత పట్టిక చూసి ‘మాకు రాదు’ అని ఆగిపోవద్దు. లెక్కలోకి వచ్చేది పన్నులూ కోతలూ పోకముందు వచ్చే మొత్తం. పే స్టబ్‌లో (జీతం చీటీలో) కింద కనిపించే, కోతలు పోగా మిగిలిన ‘నెట్ పే’ చూసి అర్హులమనుకోవడం తరచూ జరిగే పొరపాటు; ‘గ్రాస్ పే’ చూడాలి.

అసలు చిక్కు ‘ఇల్లు’ అన్న మాటలోనే ఉంది. ఒకే చిరునామాలో ఉంటూ రాబడినీ ఖర్చునూ పంచుకునే వాళ్లంతా కలిసి ఒక ఇల్లు. సంపాదన లేని పెద్దవాళ్లను పిల్లలు పోషిస్తుంటే వాళ్లందరిదీ ఒకే ఇల్లు. అంటే కొడుకు జీతం 90,000 డాలర్లయితే, అతని దగ్గర ఉండే తల్లి తన ఆదాయం సున్నా అని రాసి ఈ దారిలో అర్హురాలు కాలేదు. దరఖాస్తు మీద సంతకం ‘అబద్ధమైతే శిక్షకు సిద్ధం’ అనే ప్రమాణంతో పెట్టేది కనుక ‘ఏం కాదులే, రాసేయండి’ అనే ఏజెంట్ మాట వినకండి. అదే అపార్ట్‌మెంట్‌లో అద్దె మాత్రం పంచుకుని, సంపాదన, ఖర్చు ఎవరివి వాళ్లు చూసుకునే రూమ్‌మేట్లది మాత్రం వేర్వేరు ఇల్లే. వాళ్లలో ఒకరికి ఇప్పటికే లైఫ్‌లైన్ ఉంటే రెండోవారు ‘హౌస్‌హోల్డ్ వర్క్‌షీట్’ (ఫారం 5631) నింపి ఆ సంగతి చూపాలి. ఇంటికి ఒక్క రాయితీయే కాబట్టి భార్యాభర్తలిద్దరూ చెరొకటి తీసుకోవడం కుదరదు.

రెండో దారి చాలామందికి తెలియదు, కానీ సులువైనది. ఇంట్లో ఎవరికైనా, చిన్నపిల్లలకైనా సరే, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారి ఆరోగ్య బీమా), స్నాప్ (ఫుడ్ స్టాంపులు), ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే నగదు సాయం), ఫెడరల్ గృహ సహాయం, మాజీ సైనికుల పింఛను లేదా వారి కుటుంబాలకిచ్చే సాయం ఉంటే అది చాలు, ఆదాయం పత్రాలు అడగరు. పైన చెప్పిన తల్లికి స్వంతంగా మెడికెయిడ్ ఉంటే ఆమె ఈ దారిలో రావచ్చు. మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారి ఆరోగ్య బీమా) వేరు, మెడికెయిడ్ వేరు. ఎస్‌ఎస్‌డీఐ (పనిచేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవారికి వైకల్యం వస్తే ఇచ్చే భృతి) వేరు, ఎస్‌ఎస్‌ఐ వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని మెడికేర్ కార్డు పంపితే తిరస్కరిస్తారు. విక్ (తల్లులకు, పసిపిల్లలకు ఆహార సాయం), స్కూల్లో ఉచిత భోజనం, పెల్ గ్రాంట్ (కాలేజీ చదువుకు సాయం) కూడా లైఫ్‌లైన్‌కు పనికిరావు.

ఆదాయం దారిలో వెళ్లేవారికి పత్రాలు ముఖ్యం. కిందటి ఏడాది ట్యాక్స్ రిటర్న్ ఉంటే అన్నిటికన్నా మేలు. లేకపోతే పే స్టబ్‌లు, సోషల్ సెక్యూరిటీ ప్రయోజనాల లేఖ, పింఛను లేదా నిరుద్యోగ భృతి పత్రం. ఏడాది మొత్తాన్ని చూపని పత్రమైతే, గడచిన 12 నెలల్లో వరుసగా మూడు నెలలవి పెట్టాలి. రెండు వారాలకోసారి జీతం వచ్చేవారికి అవి ఆరేడు స్టబ్‌లవుతాయి. మధ్యలో ఒకటి జారిపోయినా దరఖాస్తు ఆగుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ యూసాక్ చెప్పిన జాబితాలో లేదు.

మనవాళ్ల దరఖాస్తులు ఆగిపోవడానికి మరో కారణం పేరు. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలను నేషనల్ వెరిఫయర్ అనే వ్యవస్థ సరిపోల్చుతుంది. మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు. కొందరికి పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో పడి, వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. ఏ గడిలో ఏది రాయాలన్నది ఇంట్లో పిలిచే వరసను బట్టి కాకుండా, సోషల్ సెక్యూరిటీ కార్డు చూసి అక్షరం పొల్లుపోకుండా రాయాలి. తేదీలో నెల ముందు, రోజు తరువాత. అపార్ట్‌మెంట్ నంబరు మరిచిపోతే ఆ భవనంలో ఇంకెవరి రాయితీతోనో కలిసిపోయి ‘ఇక్కడ ఇప్పటికే ఉంది’ అని వస్తుంది. నివాస చిరునామాగా పోస్ట్‌బాక్స్ చెల్లదు. పొరపాటు దొర్లితే సరిదిద్దే పత్రాలు పంపడానికి 45 రోజుల గడువు ఉంటుంది.

దరఖాస్తును లైఫ్‌లైన్‌సపోర్ట్ డాట్ ఆర్గ్‌లో గానీ ఫారం 5629 నింపి పోస్టులో గానీ స్వయంగా పెట్టుకోవడం మంచిది. సందేహాలకు 800-234-9473. కొన్ని రాష్ట్రాలకు సొంత పద్ధతి ఉంది. అదే నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. ఆమోదం వచ్చాక 90 రోజుల్లోపు కంపెనీలో చేరాలి, లేదంటే మళ్లీ మొదటికి. ఏటా అర్హత తిరిగి నిర్ధారిస్తారు. లేఖ వస్తే 60 రోజుల్లో జవాబివ్వాలి. రుసుము లేని ప్లాన్‌ను వరుసగా 30 రోజులు వాడకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చి తీసేస్తారు. ఇండియాకు మూడు నెలలు వచ్చి వెళ్లే పెద్దవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తిరిగి వెళ్లాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది.

135 శాతం అన్న గీత మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. గంటకు 10.25 డాలర్లతో వారానికి 40 గంటలు పనిచేసే ఒంటరి మనిషికి ఏడాదికి 21,320 డాలర్లు వస్తాయి. 2025 లెక్కలో గీత దాటింది రెండు వందల డాలర్లకు లోపే, పోయేది మొత్తం రాయితీ. 2024 జూన్ 1న నిధులు లేక ఆగిపోయిన అఫోర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ అనే ఇంటర్నెట్ రాయితీ పథకంలో 200 శాతం గీత ఉండేది, నెలకు 30 డాలర్లు తగ్గేది, 2 కోట్ల 30 లక్షలకు పైగా ఇళ్లు అందులో ఉండేవి. 2025 మార్గదర్శకాలతో చూస్తే 200 శాతం అంటే ఒంటరి మనిషికి 31,300. గంటకు 15 డాలర్ల పనివాడి 31,200 అందులో ఇమిడేది. లైఫ్‌లైన్‌లో అతనికి చోటు లేదు.

రాయితీకి డబ్బిచ్చే యూనివర్సల్ సర్వీస్ ఫండ్ రాజ్యాంగబద్ధమేనని 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది కనుక ‘నిధి ఉంటుందో ఊడుతుందో’ అనే సాకు ఇప్పుడు పనికిరాదు. గృహహింస నుంచి బయటపడి ఫోన్ లైన్ వేరు చేసుకున్నవారికి ఆరు నెలలపాటు 200 శాతం గీతతో ఇప్పటికే లైఫ్‌లైన్ ఇస్తున్నారు. అదే గీతను గడువు లేకుండా మిగతా ఇళ్లకూ వర్తింపజేయాలని ఎఫ్‌సీసీని కోరుతున్నాం.

భవదీయులు,
లైఫ్‌లైన్ దరఖాస్తులు నింపడంలో తోడ్పడే కొందరు తెలుగువాళ్లం