విశ్వానికి ద్రవ్యోల్బణమా?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ విజ్ఞానం పేజీలో, విశ్వం పుట్టుకను స్ట్రింగ్ సిద్ధాంతం (కణాలన్నీ అతిసూక్ష్మమైన తీగల కంపనాలేననే సిద్ధాంతం) నిరూపించిందంటూ వచ్చిన వ్యాసం గురించి ఈ లేఖ. ద్వారకానగర్ గ్రంథాలయంలో ఇంటర్ చదివే కుర్రాడొకడు ఆ పేజీ నా ముందు పరిచి, ‘‘మాస్టారూ, ధరలే లేనప్పుడు ద్రవ్యోల్బణం ఎలా వచ్చింది?’’ అని అడిగేదాకా నేను దానిని చూడలేదు. తొలి క్షణంలో విశ్వం మహావేగంగా వ్యాకోచించడాన్ని ఇంగ్లీషులో ‘ఇన్‌ఫ్లేషన్’ అంటారు; మీ వ్యాసం దానిని ధరల పెరుగుదలకు వాడే ‘ద్రవ్యోల్బణం’గా తెనిగించింది. అతివ్యాకోచం అంటే సరిపోయేది. పోనీ, ఇన్‌ఫ్లేషన్ అని ఉంచేసినా ఇంత తంటా ఉండేది కాదు.

మాట పొరపాటును నవ్వుకుని వదిలేయవచ్చు గానీ, ‘నిరూపించింది’ అన్నదానిని వదలలేము. 1981లో అమెరికా భౌతికశాస్త్రవేత్త అలన్ గూత్ ప్రతిపాదించిన ఈ అతివ్యాకోచం కొంతసేపైనా నిలవాలంటే, దానిని నడిపే శక్తి చాలా నెమ్మదిగా తగ్గాలి. డాబా మీద వాననీరు పోవడానికి మేస్త్రీ ఇచ్చే వాటంలాగా, కంటికి ఆనీ ఆననంత వాలు ఉండాలన్నమాట. అంత సన్నని వాలు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు కొందరు స్ట్రింగ్ సిద్ధాంతంలో జవాబు వెతుకుతున్నారు. అందులో మనకు కనబడకుండా ముడుచుకుని ఉండే ఆరు దిశల పరిమాణాన్ని ముందు కదలకుండా బిగించాలి. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన సందీప్ త్రివేది, మరో ముగ్గురు కలిసి 2003లో అందుకొక దారి చూపారు. ఆ బిగింపే వాటాన్ని చెడగొట్టి ఏటవాలు చేసేస్తుందని అదే ఏడాది ఆ నలుగురే, మరో ఇద్దరితో కలిసి, దాచుకోకుండా రాశారు. అసలు అంత సన్నని వాలుకు ఈ సిద్ధాంతంలో చోటే లేదేమోనని 2018లో స్ట్రింగ్ సిద్ధాంత శాస్త్రవేత్త కమ్రున్ వాఫా బృందం ఊహించింది. వాదం ఇంకా తెగలేదు.

కొలతల సంగతి చూసినా అంతే. 2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్-2 టెలిస్కోపు అతివ్యాకోచం రేపిన గురుత్వ తరంగాల (స్థలకాలాల్లోనే లేచే అలల) జాడ పట్టిందని పత్రికలన్నీ పెద్దక్షరాలతో వేశాయి. మరుసటి ఏడాది ప్లాంక్ ఉపగ్రహం లెక్కలతో కలిపి చూస్తే, ఆ జాడను మన పాలపుంత ధూళితోనే చాలావరకు వివరించవచ్చని తేలింది. ఆ రెండో వార్తను ఎందరు చదివారో!

కాబట్టి గణిత నమూనాను నమూనా అనే రాయమనీ, వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయమనీ కోరుతున్నాను. ఆ కుర్రాడు మీ వ్యాసాన్ని కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకున్నాడు. సవరణ కోసం పక్క పేజీ ఖాళీగా ఉంచానన్నాడు.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం