చిత్రకారుల ప్రయాణ ఖర్చు దండగ కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచంలోని బొమ్మలన్నీ ఫోన్‌లోనే కనబడుతుంటే చిత్రకళ చదివే పిల్లల్ని జనం సొమ్ముతో విదేశాలకు పంపడమెందుకని మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు అడిగారు. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

అమెరికా చిత్రకారుడు హెన్రీ ఒసావా టానర్‌నే తీసుకోండి. 1859లో పిట్స్‌బర్గ్‌లో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ లాంటి గొప్ప గురువు దగ్గర నేర్చుకున్నాడు. కానీ ఒంటి రంగు చూసి చులకన చేసేవాళ్ల మధ్య మనసు నిలవలేదు. 1891లో రోమ్‌కని బయల్దేరి, దారిలో పారిస్‌లో ఆగి అక్కడే ఉండిపోయాడు. బైబిల్లో చనిపోయి మళ్లీ లేచిన లాజరు మీద ఆయన వేసిన బొమ్మ చూసి ముచ్చటపడిన రాడ్‌మన్ వానమేకర్ అనే సంపన్నుడు ఖర్చులన్నీ భరించి 1897లో బైబిలు కథలు జరిగిన పాలస్తీనా వైపు పంపించాడు.

తిరిగొచ్చి 1898లో వేసిందే ‘మంగళవార్త’. దేవదూత వచ్చి మరియమ్మకు కబురు చెప్పే ఆ ఘట్టాన్ని యూరప్‌లో అప్పటికే కొన్ని వందల ఏళ్లుగా వేస్తున్నారు. రెక్కల దేవదూత, నీలి పైవస్త్రం, తల చుట్టూ కాంతి వలయం. టానర్ వేసిన దేవదూతకూ మరియమ్మకూ ఇవేవీ ఉండవు. రాతి నేల, మడతలు పడ్డ తివాచీ, నలిగిన పక్క. ఆ పక్క మీద వదులు అంగీలో ఒక పల్లెటూరి పిల్ల చేతులు కలుపుకుని కూర్చుని ఉంటుంది. అంగీ అంచు కింద కాలివేళ్లు కనిపిస్తాయి. దేవదూతకు ముఖమే లేదు, నిలువెత్తు వెలుగు, అంతే. అక్కడి ఇళ్లనూ మనుషుల్నీ కళ్లారా చూసొచ్చిన చెయ్యి అది. 1899లో ఫిలడెల్ఫియా మ్యూజియం ఆ బొమ్మను కొనుక్కుంది.

ఇక ఫోన్ సంగతి. సార్జెంట్ అనే మరో అమెరికా చిత్రకారుడు 1879లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ వెళ్లి, పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ‘లాస్ మెనినాస్’ ముందు నిలబడి నకలు వేసుకున్నాడు. ఆ బొమ్మ పదడుగుల పైచిలుకు ఎత్తు. దాని లోపలి చీకటి గది మూడేళ్ల తర్వాత ఆయన వేసిన బాయిట్ గారి నలుగురు కూతుళ్ల బొమ్మలోకి వచ్చి కూర్చుంది. 2010లో వెలాస్కెజ్ బొమ్మనూ సార్జెంట్ బొమ్మనూ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో పక్కపక్కనే పెట్టి చూపించారు. అరచేతిలో పట్టే గాజు పలక మీద ఆ చీకటి లోతు తెలుస్తుందా?

నా దగ్గర ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాడొకడు సముద్రాన్ని ఎప్పుడూ క్యాలెండర్ నీలంతోనే వేసేవాడు. వరదల రోజుల్లో, గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదికి తీసుకెళ్లాను. “మాస్టారూ, ఇది ఎర్రగా ఉందండీ!” అన్నాడు. ఆ రాత్రే బ్రష్‌కి మట్టి రంగు అంటింది.

మన తెలుగు చిత్రకారుడు దామెర్ల రామారావు గారు కూడా, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర పూనుకోబట్టే రాజమండ్రి నుంచి బొంబాయి వెళ్లి చదువుకోగలిగారు. పంపేవాళ్లు దొరకడం అదృష్టం మీద వదిలేయకుండా, ఏటా కొందరు పేదింటి చిత్రకళ విద్యార్థులకైనా ప్రయాణ వేతనం ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాను. మీ పత్రిక కూడా ఈ మాట గట్టిగా రాయాలని మనవి.

— ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, రాజమహేంద్రవరం