ఉన్నత పాఠశాలకు కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుడు కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కోడింగ్, కృత్రిమ మేధ నేర్పించాలన్న మాట ఇటీవల తరచుగా వినిపిస్తోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలోనే కోడింగ్‌ను పరిచయం చేయాలని జాతీయ విద్యా విధానం 2020లోనే చెప్పింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణిగా నేను ఈ ఆలోచనను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే దాన్ని ఏ పీరియడ్‌లో, ఎవరు బోధిస్తారన్న ప్రశ్నకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సరైన సమాధానం ఇంకా రాలేదు.

డీఎస్సీ ద్వారా భర్తీ చేసే స్కూల్ అసిస్టెంట్ పోస్టుల జాబితా చూడండి. భాషలు, గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం, వ్యాయామ విద్య ఉంటాయి కానీ కంప్యూటర్ సైన్స్ ఉండదు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో 'పని, కంప్యూటర్ విద్య' అని సహపాఠ్య అంశం ఒకటి పెట్టారు. దానికి గ్రేడు ఇస్తారు, కానీ పదో తరగతి పరీక్షల 600 మార్కుల్లో దానికి చోటు లేదు. పబ్లిక్ పరీక్షలో లేని అంశం మన టైంటేబుల్‌లో ఎంతకాలం నిలుస్తుందో పాఠశాలలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. సిలబస్ వెనకబడితే ముందుగా పోయేది ఆ పీరియడే. పదో తరగతి ప్రత్యేక తరగతులు మొదలయ్యాక ల్యాబ్ తాళం తీసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకు ప్రధానోపాధ్యాయులను తప్పుపట్టలేం, ఎందుకంటే వారిని అడిగేది ఉత్తీర్ణతా శాతం గురించే.

పరికరాల కోసం ప్రభుత్వాలు ఖర్చు చేయలేదని నేను అనను. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను 'బూట్' విధానంలో ప్రవేశపెట్టారు. ఆ విధానంలో ప్రైవేటు సంస్థలు కంప్యూటర్లు సమకూర్చి, బోధకులను తామే నియమించి, ఐదేళ్ల గడువు ముగిశాక పరికరాలను పాఠశాలలకు అప్పగించాలి. 2013లో గడువు తీరింది. పరికరాలు బడులకు మిగిలాయి గానీ, అతి తక్కువ జీతాలకు పనిచేసిన ఆ బోధకులు కొనసాగింపు కోసం రోడ్డెక్కి ఆందోళన చేయాల్సి వచ్చింది. పాఠం చెప్పే మనిషిని ఒప్పందంలో ఒక అనుబంధ సేవగా లెక్కగట్టడం వల్లే ఆ పథకం అక్కడితో ఆగిపోయిందని నా దృఢమైన అభిప్రాయం. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ వారి ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు అమర్చారు. విజ్ఞానశాస్త్ర పాఠాన్ని బొమ్మలతో, వీడియోలతో వివరించడానికి అవి ఎంతో ఉపకరిస్తాయి. కానీ తెర మీద పాఠం చూడటం వేరు, ఆ తెర వెనుక నడిచే తర్కాన్ని నేర్చుకోవడం వేరు. రెండోది ఇంకా మొదలే కాలేదు.

ఆ తర్కం మన పాఠ్యాంశాలకు పరాయిది కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. పదో తరగతి గణితంలో ఎన్నో ఏళ్లు మేము యూక్లిడ్ పద్ధతిలో గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోవడం నేర్పించాం. 252ను 105తో భాగిస్తే శేషం 42. 105ను 42తో భాగిస్తే శేషం 21. 42ను 21తో భాగిస్తే శేషం సున్నా, కాబట్టి జవాబు 21. విద్యార్థులు దీన్ని లెక్కగా బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఇదే పద్ధతిని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఐదారు వరుసల ప్రోగ్రాముగా రాయమంటే కొత్త ప్రశ్నలు పుడతాయి. ఎప్పుడు ఆగాలి? చిన్న సంఖ్యను ముందు ఇస్తే ఏమవుతుంది? రెండో సంఖ్య సున్నా అయితే ఏం చేయాలి? లెక్కలో ఉపాధ్యాయుడు చూసీచూడనట్టు వదిలేసే మెలికను యంత్రం వదలదు కాబట్టి, విద్యార్థి తన ఆలోచనలోని లోపాన్ని తానే వెతికి దిద్దుకోవలసి వస్తుంది. గణితం బోధించినవాణ్ణిగా నాకు ఈ విషయంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ అలవాటే.

కరెంటు లేని రోజున కూడా ఈ పాఠం ఆగనక్కరలేదు. 1 నుంచి 1,000 లోపు ఒక సంఖ్యను మనసులో అనుకోమని ఒక విద్యార్థినికి చెప్పి, మిగిలిన తరగతిని '500 కంటే పెద్దదా?' అన్న తరహా ప్రశ్నలు మాత్రమే అడగమంటే, ప్రతిసారీ మిగిలిన సంఖ్యలను సగానికి తగ్గించుకుంటూ పోతే పది ప్రశ్నల్లో జవాబు తేలుతుందని పిల్లలే కనిపెడతారు. ప్రశ్నలు పదే ఎందుకు సరిపోయాయని అడిగితే 2 ఘాతాంకం 10, అంటే 1,024 దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు. ల్యాబ్‌లో పది కంప్యూటర్లే ఉండి నలభై మంది పిల్లలున్నా, సగం మంది ఇలా గదిలో, సగం మంది ఇద్దరికొక కంప్యూటర్ దగ్గర పనిచేసేలా పాఠాన్ని నడపవచ్చు. అయితే ఇలా నడపడం తెలిసిన మనిషి అక్కడ ఉండాలి.

ఆ మనిషి లేకపోవడం వల్ల నష్టపోతున్నదెవరు? సీబీఎస్ఈ బడిలో చదివే పిల్లలకు పదకొండో తరగతిలో పైథాన్‌తో కంప్యూటర్ సైన్స్ ఎంచుకునే అవకాశం ఉంది. మన ఊరి బడిలో పది పూర్తిచేసి ఇంటర్ ఎంపీసీలో చేరిన విద్యార్థికి ఉండే ప్రధాన సబ్జెక్టులు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలే. ఆ పిల్లలే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో అందరితో పాటు కంప్యూటర్ సైన్స్ బ్రాంచి కోసం పోటీపడతారు. తమకు అది ఇష్టమో కాదో, వస్తుందో రాదో తెలుసుకునే అవకాశం అంతకుముందు ఒక్కరోజు కూడా వారికి దొరకదు. పదో తరగతి మార్కులతో గ్రామీణ విద్యార్థులను చేర్చుకునేందుకు 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీల్లో చేరే పిల్లల పరిస్థితీ ఇంతే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ సాధారణంగా మగపిల్లల చేతిలోనే ఉంటుంది కాబట్టి, బడిలో దొరకని అవకాశం ఆడపిల్లలకు ఇంకెక్కడా దొరకదని కూడా గుర్తుంచుకోవాలి.

దక్షిణాది రాష్ట్రమైన కేరళ దీన్ని చేసి చూపించింది. 2001లో అక్కడ మొదలైన 'ఐటీ ఎట్ స్కూల్' ప్రాజెక్టు 2017లో 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది. అది బయటి సంస్థల బోధకుల మీద ఆధారపడలేదు. బడిలో అప్పటికే పనిచేస్తున్న ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చింది. లైసెన్సు రుసుములు లేని గ్నూ లినక్స్ సాఫ్ట్‌వేర్‌ను వాడింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఐటీని చేర్చి ప్రాక్టికల్ పరీక్ష పెట్టింది. 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో విద్యార్థుల క్లబ్బులు వచ్చాయి. మనకూ వారికీ తేడా డబ్బులో కన్నా, ఈ బాధ్యతను ఎవరికి అప్పగించామన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

యంత్రమే ప్రోగ్రాములు రాస్తున్న ఈ రోజుల్లో పిల్లలకు ఇదంతా ఎందుకని కొందరు అడుగుతున్నారు. యంత్రం ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో తేల్చడానికి కూడా ఆ విషయం తెలిసి ఉండాలి కదా. క్యాలిక్యులేటర్ వచ్చిందని మనం ఎక్కాలు నేర్పడం మానలేదు.

ప్రభుత్వాలు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. నేడు ఉన్నత పాఠశాలల్లో గణితం బోధిస్తున్న యువ ఉపాధ్యాయుల్లో చాలామంది డిగ్రీలో గణితంతో పాటు కంప్యూటర్ సైన్స్ ఉండే ఎంపీసీఎస్, ఎంఎస్‌సీఎస్ కోర్సులు చదివినవారు. కంప్యూటర్ సైన్స్ పోస్టు లేదు కాబట్టి వారు బీఈడీలో గణితం మెథడాలజీ తీసుకుని గణిత ఉపాధ్యాయులయ్యారు. సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తే ప్రతి మండలంలోనూ ఇలాంటివారు కనిపిస్తారు. వారికి వేసవిలో శిక్షణ ఇచ్చి, గణితం పీరియడ్లు కొంత తగ్గించి, ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి రెండేసి పీరియడ్లు కంప్యూటర్ సైన్స్ బోధించే బాధ్యతను రాతపూర్వకంగా అప్పగించాలి. ఉన్న పనికి అదనంగా, ల్యాబ్ ఇన్‌ఛార్జి అన్న పేరుతో మాత్రం అంటగట్టకూడదు. తొమ్మిదో తరగతి చివర ఒక చిన్న ప్రాక్టికల్ పరీక్ష పెట్టి, దాని మార్కులను ప్రోగ్రెస్ కార్డులో మిగతా సబ్జెక్టుల వరుసలోనే నమోదు చేయాలి. ఈలోగా బీఈడీలో కంప్యూటర్ సైన్స్ మెథడాలజీని ప్రవేశపెట్టి, రాబోయే డీఎస్సీ నోటిఫికేషన్‌లో స్కూల్ అసిస్టెంట్ (కంప్యూటర్ సైన్స్) పోస్టును చేర్చాలి. మొదటి విడతలో మండలానికి ఒక్క పోస్టు మంజూరు చేసినా ఆ ఉపాధ్యాయుడు రెండు మూడు బడులకు వెళ్లి బోధించగలడు. ఉపాధ్యాయ సంఘాలు కూడా బదిలీలు, పదోన్నతులతో పాటు ఈ పోస్టు మంజూరును తమ కోర్కెల పత్రంలో చేర్చాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా