నాన్న మళ్లీ మాట్లాడుతున్నాడు, అందరికీ కృతజ్ఞతలు

మా నాన్నకు మాట తెప్పించిన టంగుటూరు టెన్త్ బ్యాచ్ మిత్రులకు, పొగాకు వేలం కేంద్రంలోని తోటి రైతులకు, ఒంగోలు స్పీచ్ థెరపిస్టు మేడమ్‌కు, నెల్లూరు నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయనకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

క్యాన్సర్ వల్ల నాన్నకు స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు ఊపిరంతా మెడ కింద పెట్టిన రంధ్రం గుండానే. పొగాకు రేటు నచ్చకపోతే వేలం ప్లాట్‌ఫాం అంతా వినపడేలా అరిచే మనిషి పలక మీద రాసి చూపించాల్సి వచ్చింది. ఆయన రాసేలోపు ఎదుటివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవాళ్లు.

గొంతులోనే పెట్టే ఎలక్ట్రానిక్ పరికరం ఉందట కదా అని చాలామంది అడిగారు. మేమూ ఆశపడ్డాం. అది ఇంకా పరిశోధనలోనే ఉందని డాక్టరు గారు చెప్పారు. లోపలి తడిని తట్టుకోవాలి, బ్యాటరీ అయిపోకూడదు, ఇన్‌ఫెక్షన్ రాకూడదు, మామూలు విషయం కాదు. ఇప్పుడు లోపల పెడుతున్నది సిలికాన్ వాల్వ్, దానికి కరెంటుతో పనే లేదు. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య అమరుస్తారు. మెడ రంధ్రాన్ని వేలితో మూస్తే గాలి అన్నవాహికలోకి మళ్లి, అక్కడి కండరం అదిరి మాట వస్తుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో బ్లోమ్, సింగర్ అనే ఇద్దరు తెచ్చిన పద్ధతి ఇది. బెంగళూరు డాక్టర్ విశాల్ రావు సుమారు 50 రూపాయలకే ఒకటి తయారుచేశారు కూడా. మంచిదే, కానీ కొన్ని నెలలకోసారి మార్చాలి, లీకైతే ఆస్పత్రికి పరుగెత్తాలి. పొగాకు పనుల్లో నాన్న వల్ల కాదనిపించి, బయట చేత్తో పట్టుకునే ఎలక్ట్రోలారింక్స్ అనే మిషన్‌కే మొగ్గాం. బ్యాచ్ వాళ్లు చందాలేసుకుని కొనిచ్చారు.

చిన్న టార్చిలైటంత ఉంటుంది. మెడకు ఆనించి బటన్ నొక్కితే అదురుతుంది, ఆ శబ్దాన్ని నాలుక, పెదాలు మాట చేస్తాయి. రేడియేషన్‌కు నాన్న మెడ గట్టిపడి, మొదట్లో గుయ్యిమనడం తప్ప ఏమీ రాలేదు. అదే ఆపరేషన్ అయిన నెల్లూరు పెద్దాయన నాన్న చెయ్యి పట్టుకుని మిషన్‌ని మెడ మీద, దవడ కింద, బుగ్గ మీద కొంచెం కొంచెం జరుపుతూ పోయాడు. ఎడమ బుగ్గ దగ్గర దొరికింది. "నిదానంగా, నోరు బాగా తెరిచి చెప్పు తమ్ముడూ" అన్నాడు తన మిషన్‌తోనే. "అన్నం తిని పో అన్నా" అన్నాడు నాన్న. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన భోజనం చేశాడు గానీ బస్సు చార్జీ మాత్రం తీసుకోలేదు.

ఒక్క మనవి. ఆ గొంతులో హెచ్చుతగ్గులుండవు, 'ప' అన్నా 'బ' లాగా వినిపిస్తుంది. నాన్న ఫోన్ చేస్తే లోన్ల వాళ్ల కంప్యూటర్ కాల్ అనుకుని కట్ చేస్తున్నారు. కాస్త ఆగి వినండి. ఈసారి పొగాకు బేళ్ల రేటు గురించి ఆయన చెప్పాల్సింది చాలా ఉందట.