తాళంచెవి ఇచ్చే ముందు

అమ్మడూ,

కొల్లూరు ప్రాజెక్టులో మూడు ఫ్లాట్లు అమర జవాన్ల కుటుంబాలకు ఇద్దామని నువ్వు పంపిన కాగితం చదివాను. డిసెంబరు 7, సాయుధ దళాల జెండా రోజున వేదిక మీద తాళంచెవులు ఇద్దామన్నావు. థర్మోకోల్ తాళంచెవితో తలుపు తెరుచుకోదు తల్లీ.

నువ్వు టిక్కు పెట్టినవన్నీ మొదటి అంతస్తువి. కట్టడానికి అనుమతి కోసం హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏకు తనఖా పెట్టిన 10 శాతం కట్టడం అక్కడే ఉంది. కట్టడం పూర్తయి, నివాసానికి తగినదన్న సర్టిఫికెట్ (ఓసీ) వచ్చి తనఖా విడుదలైతే గానీ వాటికి రిజిస్ట్రేషన్ కాదు. పై అంతస్తుల్లో చూడు. ప్రాజెక్టు లోను ఉంది కాబట్టి ఫ్లాటు నంబరు వేయించి, అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ) బ్యాంకు నుంచి తీసుకో.

అసలు చిక్కు పన్నులో ఉంది. బంధువు కానివాళ్లు ఇల్లు గిఫ్టు ఇస్తే, రిజిస్ట్రేషన్‌కు సర్కారు కట్టే స్టాంపు విలువ 50 వేలు దాటితే చాలు, మొత్తం పుచ్చుకున్నవాళ్ల ఆదాయమైపోతుంది. 60 లక్షల ఫ్లాటు ఇచ్చి ఆ ఇల్లాలికి లక్షల్లో పన్ను తగిలించినట్టే. ఆదాయపు పన్ను శాఖలో నమోదైన ట్రస్టు ద్వారా ఇస్తే ఆ బెడద లేదు. ఫ్లాటుగా ఇచ్చినదానికి మనకు విరాళం కింద పన్ను మినహాయింపు రాదు, ఆ లెక్క మరిచిపో.

పేర్లు పేపర్లో చూసి ఏరకు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి రాయి. జవాన్ల సర్వీసు వివరాలు దాచే రికార్డు ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్, పెన్షన్ మంజూరు కాగితం (పీపీఓ) రెండూ చూడు. సైన్యంలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం వాళ్లదైతే ఆ రికార్డు ఆఫీసు మన సికింద్రాబాద్‌లోనే ఉంది. పోరులో పోయిన ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’ కాకుండా డ్యూటీలో జబ్బుతో, ప్రమాదంలో పోయినవాళ్ల ఇళ్లకు వచ్చేది తక్కువ, అడిగేవాళ్లూ తక్కువే. ఒక ఫ్లాటు వాళ్లకు ఉంచు.

అత్తాకోడళ్ల మధ్య తగవు పెట్టకు. గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి 2020లో ప్రభుత్వం భార్యకు 4 కోట్లు, తల్లిదండ్రులకు కోటి విడివిడిగా ఇచ్చింది. ఇంటిని అలా చీల్చలేం. దస్తావేజు భార్య పేరున రాయించి, పెద్దవాళ్లకు నెలనెలా వడ్డీ వచ్చేలా డిపాజిట్ వెయ్యి.

‘పదేళ్లు అమ్మరాదు’ లాంటి షరతులొద్దు. రేపు పిల్ల చదువుకు లోను అడిగితే బ్యాంకు ఆ వాక్యం చూసే వెనక్కి పంపుతుంది. మెయింటెనెన్సు కూడా లెక్కలో వేసుకో. 1,200 అడుగులకు అడుగుకు 3 రూపాయల చొప్పున నెలకు 3,600. ఊళ్లో ఉండేవాళ్లయితే అద్దెకు ఇచ్చుకుంటారు. అద్దెకు మనిషి దొరికేదాకా అది మనమే కట్టాలి. కరెంటు మీటరు పేరు మార్పు, ఆస్తిపన్ను రికార్డులో పేరు మార్పు (మ్యుటేషన్) కూడా మన ఆఫీసు కుర్రాళ్లే చేయించాలి.

ఆహ్వానాలు అచ్చుకు ఇవ్వలేదు కదా? ఎన్ఓసీ చేతికొచ్చాక ఇవ్వు.

నాన్న