మొక్కతో పాటు ఒక చీటీ కూడా ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది రాజమండ్రి అండి. డాబా మీద చిన్న షేడ్‌నెట్ షెడ్డు వేసుకుని ఆర్కిడ్లు, ఆంథూరియంలు, అడీనియంలు, ఫెర్న్‌లు అన్నీ కలిపి ఒక 60 కుండీల దాకా పెంచుతున్నాను. నర్సరీల ఊరు కడియం పక్కనే కాబట్టి అటు వెళ్తే ఉత్త చేతుల్తో రావడం ఉండదు. నర్సరీల వాళ్ళని నేను అడిగేది ఒక్కటే, విదేశీ మొక్క అమ్మేటప్పుడు దాని అసలు పేరు, ఏ దేశానిది, ఎండా నీడా, ఎందులో నాటాలి, ఈ నాలుగు ముక్కలు చీటీ మీద రాసి కుండీకి కట్టండి.

మొదటిసారి ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కొన్నప్పుడు ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి పెట్టి రోజూ నీళ్ళు పోయమన్నారు, అలాగే చేశా. ఆకులు వడిలిపోతుంటే నీళ్ళు చాలట్లేదేమో అని ఇంకా పోశా. చివరికి పీకి చూస్తే వేళ్ళన్నీ కుళ్ళిపోయి, పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపల దారంలాంటి నార మిగిలింది. ఎంత బాధేసిందో. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అడవుల్లో ఆ మొక్కలు చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతుకుతాయని, వేళ్ళకి గాలి ఆడాలని తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు బొగ్గుముక్కలు, కొబ్బరి డొక్కల్లో పెడుతున్నా, వేళ్ళు వెండిరంగుకి తిరిగాకే నీళ్ళు పోస్తా, పోసిన కాసేపటికే పచ్చగా అయిపోతాయి.

అదే అడీనియం అయితే ఆఫ్రికా, అరేబియా ఎండలది, దాన్ని నెట్ కింద పెడితే పూలు రావు, నీళ్ళెక్కువైతే దుంప మెత్తబడి పోతుంది. ఆంథూరియం దక్షిణ అమెరికా అడవి నీడది. ఒకే షెడ్డులో మూడింటికీ మూడు చోట్లు కావాలి. ఇంకోటి, చలిదేశాల్లో గ్లాస్‌హౌస్ వెచ్చదనం కోసం, అది చూసి ఇక్కడ చుట్టూ పాలిథిన్ కప్పేస్తే మే నెలలో మొక్కలు ఉడికిపోతాయి, మనకి కావల్సింది నీడా గాలీ.

డిఫెన్‌బాకియా సంగతి మరీ ముఖ్యం. దాని ఆకు నమిలితే నోరు మండి నాలుక వాచిపోతుంది, పాకే పిల్లలున్న ఇంటికి ఆ మాట చెప్పకుండా ఎలా అమ్ముతారండీ.

ఈ ఉత్తరం వేస్తే ఆ పేపర్ పట్టుకెళ్ళి నేను మొక్కలు కొనే ప్రతి చోటా చూపిస్తాను.

- ఒక పాఠకురాలు, రాజమండ్రి